చచ్చిన మొక్కల గడి

2006 నవంబరు 5, ఆదివారం, ఉదయం పదిన్నర. సీతమ్మధారలో ఒక డాబా మీది గదిలో, కంప్యూటరు బల్ల ముందు, వేళ్లతో సహా పెరికిన చెట్టు మోడు ఒకటి దబ్బున నేల మీద పడింది. వేళ్లకు సముద్రపు ఇసుక ఇంకా అంటుకునే ఉంది. తెచ్చి పడేసిన మనిషి నా ముఖం చూడలేదు. కొంగు ముడి విప్పి, నాలుగు మడతలు పెట్టిన జిరాక్సు కాగితం తీసి బల్ల మీద పరిచింది. దాని అడుగున ఉన్న పేరు మీద వేలు పెట్టింది. అది నా పేరు.

గంట అంత కచ్చితంగా ఎలా గుర్తుందని అడుగుతారేమో. ఆ రోజుల్లో అక్కడ ఆదివారం పదకొండింటికి కరెంటు తీసేవారు. ఆలోపు పేజీలు ఎక్కించేయాలని బంగార్రాజు గోడ గడియారం చూస్తూ మమ్మల్ని తొందరపెడుతున్నాడు. "పదిన్నరైంది పిన్నీ, బేగి సెప్పు" అని ఆయన అనడం, మోడు పడడం ఒకేసారి జరిగాయి.

నాది నర్సరీ పని. ఆనందపురం జంక్షన్ దాటాక రోడ్డు పక్కన అర ఎకరం కౌలు స్థలంలో మొక్కలు పెంచి అమ్మేదాన్ని. అంతకు ముందు పదమూడేళ్లు గాజువాక వైపు ఒక పెద్ద కాలనీలో కాంట్రాక్టరు కింద మొక్కలకు నీళ్లు పోసే కూలీని. చదువు నాకు నలభై రెండో ఏట వచ్చింది. సాయంత్రాలు కాలనీ హాలు వరండాలో పెద్దవాళ్ల బడి పెట్టేవారు. అందరూ ముందు తమ పేరు రాయడం నేర్చుకున్నారు. నేను ముందు రాసింది "మందారం". మొక్కలకు కట్టే రేకు ముక్కల మీద పేరు రాయగలిగితే కూలీ పనిలోంచి నర్సరీ పనిలోకి మారుస్తానని మేస్త్రీ అన్నాడు, అందుకు. నా పేరు రాయడం ఆ తర్వాత ఎప్పుడో వచ్చింది. అందుకే నా అక్షరాలు ఇప్పటికీ రేకు మీద రంగుతో రాసినట్టు లావుగా, విడివిడిగా ఉంటాయి. నన్ను చూసి నవ్వేవాళ్లు నవ్వవచ్చు, నాకేం కాదు.

ఆ గది శారద మేడమ్‌ది. కాలేజీలో బోటనీ చెప్పి రిటైరయ్యారు. నా దగ్గరికి కరివేపాకు మొక్క కోసం వచ్చి, రెండు గంటలు కూర్చుని ప్రశ్నలతో నా బుర్ర తినేశారు. ఆ తర్వాతే ఈ జాబితా పని మొదలైంది. వాళ్లు దాన్ని డేటాబేస్ అనేవారు. నాకు అర్థమైంది చెబుతాను. ఒక్కో మొక్కకు ఒక పేజీ. పేజీలో గడులు. పేరు, మన ఊళ్లలో పిలిచే పేరు, ఏ నేల, ఎంత నీరు, నేలకు ఏం ఇస్తుంది, ఏ పంట పక్కన బాగుంటుంది. నేలను పిండుకుని వదిలేయకుండా, తింటూనే దానికి తిరిగి పెట్టే సేద్యం చేసేవాళ్లకు పనికొచ్చే సంగతులన్నమాట. ఎవరైనా చెప్పవచ్చు, ఎవరైనా చూసుకోవచ్చు, ఎవరూ నాది అనకూడదు. ఇంటర్నెట్ ఉన్నవాళ్లకు ఇంటర్నెట్‌లో, లేనివాళ్లకు జిరాక్సు కాపీల్లో. పేజీ అడుగున మాత్రం చివరి గడి ఒకటి: "చెప్పినవారు". చెప్పిన మనిషి పేరు, ఊరు.

టైపు చేసేది బంగార్రాజు. ఆటోనగర్‌లో లేత్ షాపు. ఇనుము తరిగే చేతులతో ఇంటి మేడ మీద వంకాయలు పండించేవాడు. తెలుగు టైపు కొట్టడం ఆయనకు ఒక యుద్ధం. ఒత్తు ఒకచోట కొడితే ఇంకోచోట పడేది. "ఈ కంప్యూటర్ని నా లేత్‌కి బిగించి రెండు మిల్లీలు తగ్గిస్తే గాని దారికి రాదు మేడమ్" అనేవాడు.

నేను చెప్పిన పేజీలు అప్పటికి నలభై దాటాయి. అందులో గ్లిరిసిడియా ఒకటి. గిరిపుష్పం అని కూడా అంటారు. వేసవి ముందు ఆకు రాల్చి, కొమ్మ నిండా లేత గులాబీ పువ్వు పూస్తుంది. ఆకు కోసి మడిలో వేస్తే వారం రోజుల్లో మెత్తబడి ఎరువవుతుంది. కంచెకు కంచె, ఎరువుకు ఎరువు. రైతులు ఇష్టంగా అడిగే మొక్క.

మోడు తెచ్చిన మనిషి పేరు నూకాలమ్మ. భీమిలి దారిలో సముద్రం ఒడ్డున ఒక పల్లె. వేటకు వెళ్లే కుటుంబం. ఏడాది కిందట ఆమె నా నర్సరీకి వచ్చి మూడు వందల గ్లిరిసిడియా మొక్కలు కొన్నప్పుడు చూశాను. ఒడ్డు వెనక, వలలు ఆరబెట్టే ఇసుక స్థలంలో ఒక చెక్క, అంటే చిన్న నేల ముక్క, అడిగి తీసుకుని తోట వేస్తున్నానని చెప్పింది. నేను నవ్వాను. ఆమె నవ్వలేదు. చేపల తలలు, పొలుసులు, పేగులు గోతుల్లో పూడ్చి, పైన సరుగుడు ఆకు కప్పి, ఆ ఇసుకలో ఆనపకాయ, చిలగడదుంప, తోటకూర పండిస్తానంది. పండించింది కూడా. ఆ సంగతి మోడు పడేసిన రోజునే నాకు తెలిసింది.

"ఓలప్పా, ఇది నీ పేరేనా?" అంది. మా వైపు పెద్దామెను అప్పా అంటారు. ఆ "అప్పా"లో మర్యాద ఉంది గాని మెత్తదనం లేదు.

"నాదే."

"నాకు సదువు రాదు. మా పొదుపు సంగంలో పిల్ల సదివి సెప్పింది. కొమ్మ పాతితే బతుకుద్ది, గాలికి అడ్డు నిలబడుద్ది అని. అట్టాగే ఉందా, ఆ పిల్ల ఏటైనా కలిపి సెప్పిందా?"

నేను కాగితం చూశాను. చూడక్కర్లేదు, ఏముందో నాకు తెలుసు. "అట్టాగే ఉంది" అన్నాను.

"మరి ఇదేటి?" అని కాలితో మోడును నా వైపు తోసింది.

అంతకు ముందు వారం వాయుగుండం పట్టి, మూడు రోజులు గాలి, వాన. ఆమె కంచెలో మూడు వందలు పాతితే నిలబడినవి ఇరవై కూడా లేవట. ఊరికే పడలేదు. మనిషి ఎత్తు పెరిగిన చెట్లు తోట మీదికే పడి, పాదులన్నీ అణిచేశాయి. కంచె పోయిన దారిలో ఇసుక కొట్టుకొచ్చి మడులు పూడ్చేసింది.

నర్సరీ మనిషికి నోరు ముందు పని చేస్తుంది. "ఇసకలో పాతి, సముద్రం మీద గాలికి ఒగ్గేస్తే ఏ సెట్టు నిలబడుద్దే? కర్ర ఊతం పెట్టాల, దడి కట్టాల. కట్టినావా?" అన్నాను.

"కట్టమని కాయితంలో ఉందా?"

లేదు.

బంగార్రాజు మధ్యలోకి వచ్చాడు. "ఇదిగో అమ్మా, కోపం తెచ్చుకోకు. ముందు కూకో. గాలికి కరెంటు స్తంభాలే వొంగిపోతన్నాయి. మొక్కేం చేస్తాది?"

"స్తంబాన్ని పాతింది నాను కాదు బావా" అంది నూకాలమ్మ. బంగార్రాజు ఖాళీ కుర్చీ ఒకటి ఆమె వైపు జరిపాడు. ఆమె కూర్చోలేదు.

అసలు సంగతి అప్పుడు చెప్పింది. ఆ ఇసుక చెక్క ఆమెది కాదు, ఊరిది. వలలు, చేపలు ఆరబెట్టుకునే ఉమ్మడి చోటు. ఇసుకలో ఏదీ పండదని ఊళ్లో అందరూ అన్నా, ఒక్క ఏడాది చూస్తానని పెద్దల కాళ్లావేళ్లా పడి తీసుకుంది. ఏడాది నిండింది. వచ్చే అమావాస్యకు పడవలు కదలవు, పెద్దలు కూర్చుంటారు. తోట ఉంచాలా, తీసేసి మళ్లీ వలలు ఆరబెట్టుకోవాలా అని ఆ రోజు తేలుస్తారు. ఇంకా పదిహేను రోజులు.

"గాలి రాక ముందు వోలందరూ వొచ్చి నా ఆనపకాయలు సూసి ఎల్లారు. ఇప్పుడొచ్చి, సూసినావా, ఇసకకి ఏదీ నిలబడదని మేం సెప్పలేదా అంటన్నారు. నాకు డబ్బులొద్దు. మొక్కలొద్దు. ఇసక తప్పు కాదని, నా సేతగానితనం కాదని రాసియ్యి. నువ్వు అచ్చు కాయితం మీద రాస్తే నమ్మినాను. మావోలు కూడా అచ్చు కాయితమే నమ్ముతారు."

ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. నలభై రెండేళ్లు చదువు లేకుండా బతికినదాన్ని. కాగితం మీద అచ్చు పడిందంటే అది దేవుడి మాటే అనుకున్నదాన్ని. బస్సు మీది బోర్డు చదవగలిగిన రోజు ఏడ్చినదాన్ని. ఇప్పుడు అలాంటి ఇంకో మనిషి, అచ్చులో నా పేరు చూపించి, నా మాట నమ్మి ఇసుకలో మూడు వందల గోతులు తీశానంటోంది.

శారద మేడమ్ కింద కూర్చుని మోడు వేళ్లు దులిపారు. ఇసుక రాలాక స్పష్టంగా కనిపించింది. చుట్టూ సన్నటి వేళ్లు చీపురు పుల్లల్లా పక్కలకు పరుచుకున్నాయి. నిటారుగా లోపలికి దిగే తల్లివేరు లేదు. ఆవిడ తలెత్తి అడిగారు.

"ఇది కటింగ్ నుంచి వచ్చిన మొక్క కదా, నర్సమ్మగారూ?"

కటింగ్ అంటే కొమ్మ ముక్క. బతికున్న చెట్టు నుంచి కోసి, మట్టి నింపిన పాలిథీన్ కవరులో గుచ్చితే వేళ్లు పోసుకుంటుంది. రెండు నెలల్లో అమ్మకానికి వస్తుంది. గింజ వేసి పెంచితే అంతకు రెట్టింపు కాలం పడుతుంది, కవరు అడుగుకు వేరు దిగి చుట్టుకుంటే మళ్లీ మార్చాలి, చాకిరీ. అందుకని నర్సరీల్లో దాదాపు అందరం కటింగే చేస్తాం.

"అవును మేడమ్."

"గాలికి పడిపోతాయని మీకు ముందే తెలుసా?"

నూకాలమ్మ అప్పుడు నా ముఖం చూసింది.

మరిచిపోయాను అని ఇక్కడ రాసినా కాదనేవాళ్లు ఎవరూ లేరు. కానీ మరిచిపోలేదు. అంతకు పదేళ్ల ముందు, నేను కాలనీలో పని చేసేటప్పుడు, ఒక తుపాను వచ్చింది. ప్రహరీ పొడుగునా మేం పాతిన గ్లిరిసిడియా వరస దాదాపు మొత్తం పడుకుంది. చివర ఒక నలభై మాత్రం నిలబడ్డాయి. అవి పెద్ద మాలి సన్యాసి గింజ నుంచి పెంచినవి. ఆయన పడినదాన్ని ఒకదాన్ని, నిలబడినదాన్ని ఒకదాన్ని తవ్వించి నాకు చూపించాడు. "కొమ్మకి తల్లి నేదే, పిల్లా. గింజకి తల్లేరు ఉంటాది. కొమ్మని నీడకీ ఆకుకీ పాతు. గాలికి పాతకు." ఇంతకన్నా బాగా ఏ పుస్తకం చెబుతుంది?

ఆ తర్వాత ఏం చేశామో కూడా చెప్పాలి. ఆఫీసర్లు చూడడానికి వచ్చేలోపు పడినవన్నీ లాగి పారేసి, అదే గోతుల్లో కొత్త కటింగులు పెట్టాం. దీన్ని గ్యాప్ ఫిల్లింగ్ అంటారు. చచ్చిన మొక్క చోట ఇంకో మొక్క పెట్టి, వరస నిండుగా కనబడేట్టు చేయడం. మా పనిలో అది తప్పు కాదు, నేర్పు. నర్సరీలో కూడా అంతే. గేటు తీయక ముందే ఎండిన మొక్కలన్నీ వెనక గోతిలోకి వెళ్లిపోవాలి. కొనేవాడి కంట పడకూడదు. వాడి ముందు "చచ్చింది" అనే మాటే అనం. "పక్కన పెట్టాం" అంటాం. దీపం ఆరిపోయింది అనకుండా కొండెక్కింది అంటారు చూడండి, అలాగన్నమాట. మంచిదే. కానీ దీపం గురించి అలా అంటే ఎవరికీ నష్టం లేదు.

గ్లిరిసిడియా పేజీ రాయించిన రోజున శారద మేడమ్ అడిగారు కూడా: "దీని గురించి చెడ్డ సంగతి ఏమైనా ఉందా?" నా నర్సరీలో అప్పుడు రెండు వేల కటింగులు కవర్లలో చిగురేస్తున్నాయి. "ఏటీ నేదు మేడమ్. మొండి మొక్క" అన్నాను. బంగార్రాజు అదే కొట్టాడు. నా పేరు అచ్చులో పడింది. ఆ కాగితం ఇంట్లో గోడకు అంటించుకున్నాను.

"తెలుసు మేడమ్" అన్నాను. "పదేళ్ల నుంచి తెలుసు."

నూకాలమ్మ తిట్టలేదు. తిడితే బాగుండేది.

బంగార్రాజు మౌస్ మీద చెయ్యి వేశాడు. "సరే, ఇప్పుడేటి? పేజీ తీసేద్దాం. ఒక్క నొక్కు నొక్కితే పోద్ది. పిన్ని పేరూ పోద్ది, గొడవా పోద్ది."

శారద మేడమ్ వెంటనే కాదనలేదు. "నాకూ అదే అనిపిస్తోంది. ఈ జాబితాని నాలుగు ఊళ్లవాళ్లు ఇప్పుడిప్పుడే నమ్ముతున్నారు. తెలిసీ తప్పు రాయించారని మనమే రాసుకుంటే, మిగతా పేజీలన్నీ ఎవరు నమ్ముతారు?"

"తీసేత్తే?" అంది నూకాలమ్మ. "నా కాయితం లాంటివి ఊళ్లలో ఎన్ని ఉన్నాయో మీకు తెలుసా? అయ్యి తీసేత్తారా? ఇంకోలు సదువుకుంటారు, ఇంకోలు పాతుకుంటారు. అయినా, మీరు తీసేత్తే మరి నా పెద్దలకి నానేటి సూపించాల? కాళీ కాయితం?"

"ఉన్నదాన్నే దిద్దుదాం" అన్నాను. "నాను సెప్తాను, కొట్టు బంగార్రాజు."

ఆయన కుర్చీలో సర్దుకుని పేజీ తెరిచాడు. అప్పుడే పదకొండయింది. ఫ్యాను ఆగిపోయింది. తెర నల్లబడింది.

"అదిగో. సాయంత్రం అయిదుకి గాని రాదు" అన్నాడు.

నూకాలమ్మకు ఊరి బస్సు ఒంటిగంటకు. శారద మేడమ్ తెల్ల కాగితం, పెన్ను తీసుకున్నారు. "మీరు చెప్పండి, నేను రాస్తాను."

"ఆవిడే రాయాల" అంది నూకాలమ్మ.

నాకు కోపం వచ్చింది. నా అక్షరాలు చదువుకున్నవాళ్ల ముందు రాసేవి కావు. ఒక్క వాక్యానికి అయిదు నిమిషాలు పడతాయి. ఒత్తు దగ్గర ఆగిపోతాను. నోటితో మాట తేలిక. అన్నాక గాలిలో కలిసిపోతుంది. చేత్తో రాసేటప్పుడు ఒక్కో అక్షరం నన్ను నిలబెట్టి అడుగుతుంది, నిజమేనా అని. రేకు ముక్కల మీద ఇన్నేళ్లూ రాసినవి బతికున్న మొక్కల పేర్లే. అందుకే ఆ ఇబ్బంది నాకు అప్పటిదాకా తెలియలేదు.

నేల మీదే కూర్చుని, మోడు పక్కన కాగితం పెట్టుకుని రాశాను. ముప్పావుగంట పట్టింది. ఆ కాగితం కాపీ నా దగ్గర ఇప్పటికీ ఉంది. తప్పులు దిద్ది ఇక్కడ పెడుతున్నాను.

"గ్లిరిసిడియా. కొమ్మ పాతితే తొందరగా వస్తుంది. కానీ తల్లివేరు ఉండదు. ఇసుక నేలలో, గాలి చోట, కంచెకు కొమ్మ పాతకండి. గింజ పెట్టండి. కొమ్మవి పడిపోతాయని నాకు పదేళ్లుగా తెలుసు. చెప్పలేదు. నూకాలమ్మ తోటలో పడినవి నా నర్సరీ మొక్కలు. తప్పు ఇసుకది కాదు. ఆమెది కాదు. అప్పలనర్సమ్మ, ఆనందపురం."

శారద మేడమ్ చదివి వినిపించారు. నూకాలమ్మ రెండోసారి చదివించుకుంది. "నూకాలమ్మ" అన్నచోట వేలు పెట్టించుకుని చూసింది. తర్వాత గాని కుర్చీలో కూర్చోలేదు. బంగార్రాజు కింద కొట్టు నుంచి నాలుగు టీలు తెచ్చాడు.

టీ తాగుతూ నేనే అడిగాను. నర్సరీ మనిషిని, ఊరుకోలేను. "మీ ఇసక మీద ఎప్పుడూ పడకుండా ఉండేది ఏటే?"

"మొగలి. అది పీకుదామన్నా రాదు. ఇంకోటి, ఇసక తీగ. మేక గిట్టలాంటి ఆకు, ఊదా పువ్వు. పాకుతా పాకుతా కణుపు కణుపుకీ వేరేత్తాది. ఇసక ఆడే చోట అదే నిలుపుద్ది. మా పిల్లలకి కూడా తెలుసు."

"మరి నీ చెక్కలో లేదా?"

"ఉండీది. పీకేసినాను."

"ఎందుకు?"

నూకాలమ్మ నన్ను వింతగా చూసింది. "నీ కాయితంలో అది నేదు గదా అప్పా. కంచె పాతే చోట కలుపు తీసీమని ఉంది. తీసీసినాను."

చదువు లేని మనిషి, చదువు మీద గౌరవంతో, తన కాళ్ల కింద తనకు తెలిసినదాన్ని తానే పెరికి పారేసింది. మూడేళ్ల నుంచి మేం ఊళ్లు తిరిగి రైతుల్ని అడిగాం, నర్సరీలవాళ్లను అడిగాం, పుస్తకాలు చూశాం. ఒడ్డున ఉండే ఆడవాళ్లను ఒక్కరినీ అడగలేదు. చేపలవాళ్లకు మొక్కల గురించి ఏం తెలుస్తుందిలే అనుకున్నాం. మేం అనుకున్నది రాయకపోయినా, అనుకున్నది అదే.

ఆ రోజు సాయంత్రం కరెంటు వచ్చాక బంగార్రాజు రెండు పనులు చేశాడు. ప్రతి పేజీలోనూ కొత్త గడి ఒకటి గీసి, గ్లిరిసిడియా పేజీలో దాన్ని నేను రాసిన మాటలతోనే నింపాడు. ఏం పేరు పెట్టాలని శారద మేడమ్ ఆలోచిస్తుంటే నేను చెప్పాను. "ఎక్కడ చచ్చింది, ఎందుకు". మేడమ్ కొంచెం మర్యాదగా "విఫలమైన చోట్లు" అందామన్నారు. వద్దన్నాను. నాకు అర్థమయ్యే మాట అందరికీ అర్థమవుతుంది. రెండో పని, ఇసుక తీగకు, మొగలికి చెరొక పేజీ. చెప్పినవారు: నూకాలమ్మ. ఆమె అప్పటికి బస్సులో వెళ్లిపోయింది.

మర్నాడు నేనూ బంగార్రాజూ ఆమె పల్లెకు వెళ్లాం. తోటలోకి దిగాం. పూడిన మడిని చేత్తో కెలికితే, పై ఇసుక కింద జానెడు లోతున నల్లటి మట్టి. ఇసుక నేలలో నల్లటి మట్టి! చేపల తుక్కు, సరుగుడు ఆకు, నా గ్లిరిసిడియా ఆకు కలిసి ఏడాదిలో అలా తయారైంది. ఈ మనిషినా నేను నర్సరీలో చూసి నవ్వింది అనుకున్నాను.

పడిన చెట్లను పారేయనివ్వలేదు. ఆకు మడుల్లో పరిచాం. మొద్దుల్ని గాలి వచ్చే వైపు పొడుగునా పడుకోబెట్టి, ఇసుకకు గట్టులా వేశాం. ఆ మొద్దుల వెంట నూకాలమ్మ ఇసుక తీగ కణుపులు గుచ్చింది. నేను సన్యాసి చెప్పినట్టు గ్లిరిసిడియా గింజలు నేరుగా నేలలోనే పెట్టాను, కవరు లేకుండా. ఒడ్డున వలలు బాగుచేసుకుంటున్న మగవాళ్లు మమ్మల్ని చూసి ఒకటే నవ్వు. "ఏటే నూకాలూ, ఈ పాలి కలుపు పాతతన్నావా?" అని ఒకడు అరిచాడు. "అవును మామా, నిన్ను కూడా పాతాల, గోయి తియ్యమంటావా?" అంది ఆమె.

అమావాస్య నాడు నన్నూ రమ్మన్నారు. పెద్దలు ఇసుకలో తుండు గుడ్డలు పరుచుకుని కూర్చున్నారు. పొదుపు సంఘం పిల్ల నా కాగితం గట్టిగా చదివింది. "పదేళ్లుగా తెలుసు, చెప్పలేదు" అన్నచోట ఆ పిల్ల ఆగి నా వైపు చూసింది. చదవమన్నట్టు తలూపాను. అందరిలో పెద్దాయన కాగితం తీసుకుని, చదువు రాకపోయినా అటూ ఇటూ తిప్పి చూశాడు. "తప్పు నాదని రాసిచ్చిన నర్సరీవోలిని ఇదే సూడ్డం" అన్నాడు. తర్వాత లేచి వెళ్లి, మొద్దుల వెంట వేరు పట్టిన తీగను చేత్తో లాగి చూశాడు. ఒకచోట కాదు, మూడు చోట్ల. రాలేదు.

"ఇంకో ఏడు సూద్దారి" అన్నాడు. "వొచ్చే ఏడు కూడా పడిందా, ఈ అప్పని గాలికి అడ్డంగా పాతేద్దారి."

అందరూ నవ్వారు. నూకాలమ్మ నవ్వలేదు. చెంగు నోట్లో కుక్కుకుని అటు తిరిగిపోయింది.

ఆ తోట ఆ తర్వాత ఏడూ ఉంది, దాని తర్వాత ఏడూ ఉంది. నాకు ఆర్డర్లు కొన్ని పోయాయి. కంచెకు కటింగులు ఇవ్వనని చెబితే పక్క నర్సరీకి వెళ్లిపోయారు. పోనీ. శారద మేడమ్ భయపడినట్టు జాబితాను నమ్మడం జనం మానలేదు. నిజానికి, వచ్చినవాళ్లు ముందు ఆ కొత్త గడే చదివేవారు. మిగతావి తర్వాత. అందులో రాయడానికి మొదట ఎవరూ ముందుకు రాలేదు. నేను రోజుకొకటి రాశాను. నా గోతిలో పడిన మొక్కలు తక్కువా? ఏ మామిడి అంటు ఎందుకు ఎండింది, ఏ మునగ ఏ నీటికి కుళ్లింది. అప్పుడు మిగతావాళ్లు మొదలుపెట్టారు. తమ తప్పు చెప్పడం మనిషికి సిగ్గు. ఎదుటివాడు ముందు చెప్పాక, ఎందుకో, అంత సిగ్గుండదు.

ఈ పనిలో నేను నేర్చుకున్నది చెప్పమంటే ఇంతే. మొక్క ఎలా బతుకుతుందో చెప్పేవాళ్లు చాలామంది. ఎలా చచ్చిందో చెప్పేవాడి దగ్గర మొక్క కొనండి. ఇంకొకటి. చదువు వచ్చినవాళ్లం రాసే ముందు, చదువు రానివాళ్లు అది చదివించుకుని తమకు తెలిసింది పెరికేసుకుంటారని గుర్తుంచుకోవాలి. నాకు ఆలస్యంగా వచ్చిన అక్షరాలు నేర్పింది అది. తొందరగా వచ్చినవాళ్లకు ఇంకా బాగా తెలిసి ఉండాలి.

శారద మేడమ్ ఇప్పుడు లేరు. మోడును ఆవిడ చాలాకాలం ఆ గది మూల ఉంచారు. కొత్తగా పేజీ రాయించడానికి ఎవరు వచ్చినా ముందు దాని వేళ్లు చూపించేవారు.

2006 నవంబరు 5న, ఉదయం పదిన్నరకు, సీతమ్మధారలోని ఆ గదిలో ఉన్నవాళ్లు: ఇంటావిడ శారద మేడమ్. ఆటోనగర్ లేత్ షాపు బంగార్రాజు. మోడు మోసుకుని రెండు బస్సులు మారి వచ్చిన నూకాలమ్మ. తెలిసీ చెప్పని నేను, అప్పలనర్సమ్మ.